కొత్త వైరస్, ఆసుపత్రుల సన్నద్ధత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కడో కొత్త వైరస్ బయటపడిందన్న వార్త రాగానే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు అప్పుడు అడిగినవే 2009లో స్వైన్ ఫ్లూకి, 2020లో కోవిడ్‌కి, ఆ తర్వాత ఎంపాక్స్‌కి (మంకీపాక్స్) కూడా అడిగారు. అందుకే వాటిని ఒకచోట చేర్చి, దశల వారీగా పెట్టాం. ఏ జవాబు కావాలంటే నేరుగా దాని దగ్గరికే వెళ్లొచ్చు. ఇవి డాక్టరు సలహాకు బదులు కావు. వైరస్ స్వభావం తేలేకొద్దీ మీ ఆరోగ్య శాఖ ఇచ్చే సూచనలనే పాటించండి.

## వార్త మొదలైనప్పుడు

ఎక్కడో వేరే దేశంలో కొత్త వైరస్ అంటున్నారు. ఇప్పటి నుంచే భయపడాలా?

అక్కర్లేదు, కానీ గమనిస్తూ ఉండాలి. ఇలాంటి వార్తల్లో చాలావరకు కొన్ని వారాల్లో చల్లారిపోతాయి. మొత్తం కేసుల సంఖ్య కన్నా మూడు విషయాలు ఎక్కువ చెప్తాయి. మనిషి నుంచి మనిషికి పాకుతోందా? రోగులను చూసిన డాక్టర్లు, నర్సులు జబ్బు పడుతున్నారా? ఆ ప్రాంతానికి వెళ్లనివాళ్లలో, అక్కడి నుంచి వచ్చినవాళ్లతో సంబంధం లేనివాళ్లలో కూడా కేసులు కనిపిస్తున్నాయా?

హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూనే తీసుకోండి. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. అంత ప్రమాదకరమైన వైరసే అయినా మనుషుల మధ్య గొలుసుకట్టుగా పాకలేదు కాబట్టి అప్పటి వ్యాప్తి అక్కడితో ఆగింది. సార్స్ అలా కాదు. 2003 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లోని ఒకే హోటల్లో దిగినవాళ్ల ద్వారా వియత్నాం, సింగపూర్, కెనడాలకు చేరిపోయింది.

"అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి" ప్రకటించారట. అంటే చెయ్యి దాటిపోయినట్టేనా?

కాదు. చెయ్యి దాటకముందే దేశాలను కదిలించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మోగించే గంట అది. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల కింద ఆ అధికారం వచ్చింది. 2009లో హెచ్1ఎన్1కి (స్వైన్ ఫ్లూ), 2014లో పోలియోకి, ఎబోలాకి, 2016లో జికాకి, 2022లో, మళ్లీ 2024లో ఎంపాక్స్‌కి ఈ ప్రకటన చేశారు. వీటిలో చాలావాటి వల్ల మీ రోజువారీ జీవితంలో ఏ మార్పూ రాలేదు.

కోవిడ్‌కి 2020 జనవరి 30న ప్రకటించారు. ఆ రోజుకు చైనా బయట గుర్తించిన కేసులు వందలోపే. అసలు వినాల్సిన సమయం అదే. చాలా దేశాలు మాత్రం మార్చి 11న "మహమ్మారి" అన్న మాట వినపడే దాకా కదల్లేదు.

చనిపోయేవాళ్ల శాతం రోజుకొకటి చెప్తున్నారు. ఏది నమ్మాలి?

మొదటి నెలలో ఏదీ పూర్తిగా నమ్మొద్దు. లెక్క రెండు వైపులా తప్పుతుంది. మొదట్లో ఆసుపత్రి దాకా వచ్చినవాళ్లకే పరీక్షలు చేస్తారు. తేలిగ్గా వచ్చి తగ్గిపోయినవాళ్లు లెక్కలోకి రారు కాబట్టి శాతం ఎక్కువగా కనిపిస్తుంది. 2009 హెచ్1ఎన్1లో జరిగింది ఇదే: తొలి రోజుల అంచనాలు భయపెట్టాయి, తర్వాత బాగా తగ్గాయి.

రెండో తప్పు దీనికి తిరగేసి. ఈ రోజు కేసుగా నమోదైన మనిషి కోలుకుంటాడో లేదో రెండు మూడు వారాల దాకా తేలదు. సార్స్‌లో తొలి అంచనా 4 శాతం దగ్గర ఉండేది. అంతా ముగిశాక చూస్తే 8,098 కేసుల్లో 774 మరణాలు, అంటే దాదాపు 10 శాతం. శాతం చెప్పినవాళ్లు "ఎవరిలో ఇంత శాతం?" అన్నది చెప్పకపోతే ఆ అంకెను పక్కన పెట్టండి. వయసు వారీగా విడగొట్టిన లెక్క వచ్చినప్పుడే అది మీకు పనికొస్తుంది.

ఒకరి నుంచి ఎంతమందికి సోకుతుందో చెప్పే అంకె ఎక్కువుంటే జబ్బు ప్రమాదకరమనేనా?

ఆ అంకె వేగం చెప్తుంది, తీవ్రత చెప్పదు. టీకాలు లేనిచోట తట్టు ఒకరి నుంచి సగటున 12 నుంచి 18 మందికి సోకగలదు. సార్స్ ఇద్దరు ముగ్గురికే సోకేది, కానీ ప్రాణాలు తీసే శాతం ఎక్కువ. పైగా అది సగటు మాత్రమే. చాలామంది ఎవరికీ అంటించరు, కొందరు మాత్రం పదుల మందికి అంటిస్తారు.

ఫ్యామిలీ గ్రూపులో ఒక డాక్టర్ వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. ఆసుపత్రిలో శవాలు దాస్తున్నారట. నిజమేనా?

పేరు చెప్పని డాక్టరు, పేరు చెప్పని ఆసుపత్రి, తేదీ లేదు, "వెంటనే అందరికీ పంపండి" అన్న మాట మాత్రం ఉంది. ఈ నాలుగూ కలిస్తే పంపకండి. నిజంగా లోపల పనిచేసేవాళ్లకు ఆ రోజుల్లో వాయిస్ రికార్డు చేసే తీరిక ఉండదు. పంపినవాళ్ల మీద విరుచుకుపడకండి కూడా. భయపడే పంపి ఉంటారు. "ఇది ఎక్కడి నుంచి వచ్చింది పిన్నీ?" అని విడిగా మెసేజ్ పెడితే చాలాసార్లు వాళ్లే డిలీట్ చేస్తారు.

అలాగని అధికారులు చెప్పే ప్రతి మాటా నిజమని కాదు. కొత్త వైరస్ విషయంలో "మాకు ఇంకా తెలియదు, ఫలానా రోజుకి తెలుస్తుంది" అని చెప్పే అధికారి, "అంతా అదుపులో ఉంది" అనేవాడి కన్నా నమ్మదగ్గవాడు.

టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వార్తలు మానెయ్యాలా?

మానక్కర్లేదు. రోజుకి రెండుసార్లు, టైమ్ పెట్టుకుని చూడండి. రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు. గుండె దడ, ఊపిరి ఆడనట్టు ఉండటం ఆందోళన వల్ల కూడా వస్తాయి. ఇప్పటికే గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లు మాత్రం "టెన్షనే" అని తేల్చేసుకోకుండా చూపించుకోవాలి. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి దెబ్బతింటే డాక్టరుతో మాట్లాడండి.

## ఆసుపత్రి సిద్ధంగా ఉందా?

మేం వెళ్లే ఆసుపత్రి సిద్ధంగా ఉందో లేదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

బెడ్ల సంఖ్య అడక్కండి, గేటు దగ్గర నిలబడి చూడండి. దగ్గుతూ వచ్చిన మనిషిని ఎవరైనా పలకరిస్తున్నారా? మాస్కు ఇస్తున్నారా? "ఈ మధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చారా?" అని అడుగుతున్నారా? జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు గర్భిణులు, పసిపిల్లల తల్లులు కూర్చున్న అదే హాల్లో, అదే టోకెన్ వరుసలో గంటలు గంటలు కూర్చుంటున్నారా? సన్నద్ధత సగం ఆ హాల్లోనే తెలిసిపోతుంది.

2015లో దక్షిణ కొరియాలో జరిగింది చూడండి. అక్కడ ఆసుపత్రులకు కొదవ లేదు, పరికరాలకూ కొదవ లేదు. మధ్యప్రాచ్యం నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడికి మెర్స్ (సార్స్ లాంటి ఊపిరితిత్తుల జబ్బు) అని తేలేలోపు ఆయన పలు ఆసుపత్రులు తిరిగాడు. కిక్కిరిసిన ఎమర్జెన్సీ గదులు, ఒకే గదిలో చాలామంది రోగులు, పక్కనే ఉండి చూసుకునే బంధువులు. చివరికి 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. సోకినవాళ్లలో అత్యధికులకు అది ఆసుపత్రుల్లోనే సోకింది.

ఐసోలేషన్ వార్డు అంటే విడిగా ఒక గది ఉంటే సరిపోదా?

తుంపర్ల ద్వారానో తాకడం ద్వారానో పాకే జబ్బులకు తలుపు వేసిన విడి గది చాలావరకు సరిపోతుంది. గాలిలో తేలుతూ పాకేవాటికి చాలదు. అలాంటి గదిలో గాలి ఒత్తిడి బయటి వరండా కన్నా తక్కువ ఉండాలి. అప్పుడు తలుపు తీసినా గాలి లోపలికే వస్తుంది, లోపలి గాలి బయటికి రాదు. కొత్తగా కట్టే ఇలాంటి గదుల్లో గంటకు కనీసం 12 సార్లు గాలి మారాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. బయటికి పంపే గాలిని మనుషులు తిరగని చోటికి వదలాలి, లేదంటే సూక్ష్మ కణాలను పట్టేసే హెపా ఫిల్టర్ గుండా పంపాలి.

గోడ మీద మీటరు ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు. అందుకే నర్సులు ఒక తేలికైన పరీక్ష చేస్తారు. తలుపు మూసి, కింద సందు దగ్గర పల్చటి టిష్యూ కాగితం ముక్క పట్టుకుంటారు. కాగితం గదిలోపలికి లాగినట్టు వంగితే సరే. బయటికి ఊగితే ఆ గదిలో రోగిని పెట్టకూడదు. ఏసీ ఫిల్టర్ మూసుకుపోయినా, ఎవరో కిటికీ తెరిచినా ఈ లెక్క తారుమారవుతుంది. ఇలాంటి ఏర్పాటు లేని ఆసుపత్రుల్లో ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ధారాళంగా ఆడేలా చూడటమూ మంచి పద్ధతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని ఒప్పుకుంటుంది.

ఎన్ని వెంటిలేటర్లు ఉన్నాయన్నదే కదా అసలు విషయం?

టీవీలో అలాగే చెప్తారు. కానీ వెంటిలేటర్ తనంతట తాను ఎవరినీ బతికించదు. దాని సెట్టింగులు గంట గంటకూ చూసే మనిషి కావాలి, గొంతులో గొట్టం మూసుకుపోకుండా కఫం తీసే మనిషి కావాలి, రోగిని బోర్లా తిప్పడానికి నలుగురైదుగురు కావాలి. ఐసీయూలో విషమంగా ఉన్న రోగికి ఒక నర్సు చొప్పున ఉండాలంటారు. 24 గంటలూ అలా చూడాలంటే షిఫ్టులు, సెలవులు కలిపి ఒక్కో బెడ్డుకు అయిదుగురికి మించే లెక్కొస్తుంది. యంత్రాలు ఆర్డర్ పెడితే కొన్ని వారాల్లో వస్తాయి. ఐసీయూ నర్సు తయారవడానికి సంవత్సరాలు పడుతుంది. ఆసుపత్రి వాళ్లు కొత్త వెంటిలేటర్లు చూపిస్తే "రాత్రి షిఫ్టులో ఎవరుంటారు?" అని అడగండి.

అంత పెద్ద ఆసుపత్రిలో ఆక్సిజన్ ఎలా అయిపోతుంది?

లెక్క చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 5 లీటర్లు పెట్టుకున్న రోగికి అది దాదాపు ఒక రోజు వస్తుంది. 15 లీటర్లు కావాల్సిన వాళ్లకు ఎనిమిది గంటలు కూడా రాదు. ముక్కులోకి వేగంగా పంపే హై ఫ్లో యంత్రం నిమిషానికి 60 లీటర్ల దాకా లాగేస్తుంది. అప్పుడు అదే సిలిండర్ రెండు గంటల్లోపే ఖాళీ. అలాంటివాళ్లు పదిమంది ఉంటే గంటకు అయిదు సిలిండర్లు చాలవు.

అందుకే పెద్ద ఆసుపత్రులు ద్రవ ఆక్సిజన్ ట్యాంకులు పెట్టుకుంటాయి. ఒక లీటరు ద్రవం 800 లీటర్లకు పైగా వాయువు అవుతుంది. అక్కడా ఒక చిక్కుంది. ట్యాంకు నిండుగా ఉన్నా, ద్రవాన్ని వాయువుగా మార్చే వేపరైజర్ గొట్టాలు మామూలు రోజుల వాడకానికి సరిపడేలానే ఉంటాయి. ఒక్కసారిగా వాడకం పెరిగితే వాటి మీద మంచు పేరుకుపోతుంది, వార్డు చివరి బెడ్డు దగ్గర ఒత్తిడి పడిపోతుంది. అంటే ట్యాంకులో ఎంతుంది అన్నదే కాదు, గొట్టం నిమిషానికి ఎంత మోయగలదన్నది కూడా ముందే లెక్కేసి పెట్టుకోవాలి.

డాక్టర్లు, నర్సులే జబ్బు పడితే మా పరిస్థితి ఏంటి?

ఈ భయం అర్థం లేనిది కాదు. సార్స్‌లో జబ్బు పడినవాళ్లలో దాదాపు అయిదో వంతు ఆసుపత్రి సిబ్బందే. హనోయ్‌లో ఆ జబ్బు కొత్తదని గుర్తించి ప్రపంచాన్ని హెచ్చరించిన డాక్టర్ కార్లో ఉర్బానీ కూడా 2003 మార్చి 29న దానికే బలయ్యారు.

రక్షణ దుస్తులు ఉండటం ఒక ఎత్తు, సరిగ్గా విప్పడం ఇంకో ఎత్తు. వేసుకునేటప్పటి కన్నా విప్పేటప్పుడే అంటుకునే ప్రమాదం ఎక్కువ. చేతి తొడుగులు బయటి వైపు తాకకుండా తియ్యాలి, మాస్కు ముందు భాగాన్ని పట్టుకోకుండా తాళ్లతోనే తియ్యాలి, చేతులు పదేపదే శుభ్రం చేసుకోవాలి. పన్నెండు గంటల షిఫ్టు చివర్లో, చెమటతో తడిసిపోయి ఉన్నప్పుడు ఇదంతా గుర్తుండదు. అందుకే మంచి ఆసుపత్రుల్లో విప్పే చోట ఇంకొకరు నిలబడి ఒక్కో మెట్టూ చదివి చెప్తారు. ఎన్95 మాస్కు కూడా ముఖానికి అతుక్కుని ఉంటేనే పనిచేస్తుంది. గడ్డం ఉన్నా, సైజు కుదరకపోయినా గాలి పక్కల నుంచి దూరుతుంది. ఈ శిక్షణ శుభ్రం చేసేవాళ్లకు, స్ట్రెచర్ తోసేవాళ్లకు, అంబులెన్స్ డ్రైవర్లకు కూడా ఇచ్చారా అన్నది చూడాలి. జాబితాలో ఎప్పుడూ మర్చిపోయేది వాళ్లనే.

అమ్మ ఆపరేషన్ వాయిదా వేశారు. డయాలసిస్ కూడా ఆపేస్తారా?

ఆగినా ప్రమాదం లేని ఆపరేషన్లనే వాయిదా వేస్తారు. డయాలసిస్, కాన్పులు, క్యాన్సర్ చికిత్స, గుండెపోటు, పిల్లల టీకాలు ఆపకూడదు. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా భయంతో జనం ఆసుపత్రులకు దూరమయ్యారు. మలేరియాకు మందు అందక, కాన్పులకు సాయం అందక జరిగిన నష్టం కూడా చిన్నది కాదు. వాయిదా వేసినప్పుడు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: మళ్లీ ఎప్పుడు చూస్తారు, ఈలోపు ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి, ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి.

## మనకో, ఇంట్లోవాళ్లకో లక్షణాలు కనిపిస్తే

జ్వరం, దగ్గు మొదలయ్యాయి. వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలా?

ముందు ఫోన్ చెయ్యండి. ఎక్కడికి వెళ్లొచ్చారో, జబ్బుపడ్డ ఎవరిని కలిశారో మొదటి వాక్యంలోనే చెప్పండి, దాచొద్దు. ఏ గేటు నుంచి రావాలో వాళ్లే చెప్తారు. మాస్కు పెట్టుకునే వెళ్లండి.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు: ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలంగా మారడం, మాట తడబడటం, మత్తుగా పడి ఉండటం, పసిపిల్ల పాలు తాగకపోవడం. వీటిలో ఏదున్నా అంబులెన్స్ పిలిచి, అనుమానం సంగతి వాళ్లకూ చెప్పండి.

పల్స్ ఆక్సిమీటర్ కొనుక్కోవాలా?

ఊపిరితిత్తుల మీద దాడి చేసే వైరస్ అయితే పనికొస్తుంది. మామూలుగా 95 నుంచి 100 మధ్య చూపించాలి. 94 కన్నా తగ్గి, మళ్లీ చూసినా అలాగే ఉంటే డాక్టరుకు చెప్పాలి. గోళ్ల రంగు తుడిచి, చేతులు వెచ్చబడ్డాక, కదలకుండా ఒక నిమిషం ఉంచి చూడండి. చామనఛాయ, నల్లటి చర్మం ఉన్నవాళ్లకు ఇవి ఉన్నదాని కన్నా కొంచెం ఎక్కువ చూపించొచ్చు. కాబట్టి ఒక్క అంకెను పట్టుకోకుండా పొద్దున ఎంత, రాత్రి ఎంత అని రాసుకుంటే పడిపోతున్నదీ లేనిదీ తెలుస్తుంది. అంకె బాగానే ఉన్నా ఆయాసంగా ఉంటే ఆయాసాన్నే నమ్మండి.

టెస్టులో నెగెటివ్ వచ్చింది. ఇక తిరగొచ్చా?

వెంటనే కాదు. సోకిన తొలి రోజుల్లో వైరస్ పరీక్షకు అందేంత ఉండదు. స్వాబ్ సరిగ్గా తియ్యకపోయినా నెగెటివే వస్తుంది. లక్షణాలు ఉండి, జబ్బుపడ్డవాళ్లను కలిసి ఉంటే డాక్టరు మళ్లీ చెయ్యమంటారు. ఆ ఫలితం వచ్చే దాకా విడిగా ఉండండి.

ఒకసారి 14 రోజులు అంటారు, ఒకసారి 21 అంటారు. ఏమిటీ లెక్క?

సోకిన రోజు నుంచి లక్షణాలు కనిపించే దాకా పట్టే అత్యధిక కాలాన్ని బట్టి ఆ గడువు పెడతారు. ఎబోలాకి 2 నుంచి 21 రోజులు కాబట్టి 21. కోవిడ్ తొలి రోజుల్లో 14 పెట్టారు. జబ్బు లేకపోయినా సోకి ఉండొచ్చన్న అనుమానంతో విడిగా ఉంచేది క్వారంటైన్, జబ్బు ఉన్నవాళ్లను విడిగా ఉంచేది ఐసోలేషన్.

ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్స్ ఇంట్లో పెట్టుకోవచ్చా?

వద్దు. యాంటీబయాటిక్స్ వైరస్ మీద పనిచెయ్యవు. స్టెరాయిడ్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2020 జూన్‌లో బ్రిటన్‌లో "రికవరీ" అనే పేరున్న పరిశోధన ఫలితాలు వచ్చాయి. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం దాంతో ఏ మేలూ జరగలేదు. మందు ఒకటే, వేసుకున్న సమయమే తేడా. అదే పరిశోధనలో, జనం ఎగబడి కొన్న హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మాత్ర వల్ల ఆసుపత్రిలో చేరినవాళ్లకు ప్రయోజనం లేదని తేలింది. ఆ ఎగబాటులో నష్టపోయింది లూపస్ లాంటి జబ్బులకు రోజూ ఆ మాత్ర వేసుకునేవాళ్లు.

## కేసులు పెరిగిపోయినప్పుడు

బెడ్లు సరిపోకపోతే ఎవరికి ఇస్తారు? పలుకుబడి ఉన్నవాళ్లకేనా?

ఇవ్వాల్సింది చికిత్సతో బతికే అవకాశం, అవసరం ఎంత తొందరన్నది చూసి. ఎవరు ముందొచ్చారు, ఎవరికి ఎవరు తెలుసు అన్నవి చూడకూడదు. దీనికి ముందే రాసిపెట్టిన నియమాలు ఉండాలి. నిర్ణయం తీసుకునేది ఆ రోగిని చూస్తున్న డాక్టరొక్కరే కాకుండా వేరే బృందం అయితే మేలు. రాతలో లేని చోటే సిఫారసులు దూరతాయి.

నాన్నను లోపలికి తీసుకెళ్లారు, చూడనివ్వడం లేదు. ఏం చెయ్యగలం?

లోపలికి పంపేముందే ఒక సంచి సర్దండి: ఫోను, ఛార్జరు, కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లకు డబ్బా. వేసుకునే మందులు, పడని మందులు, బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద ఒక ఫోన్ నంబరు పెట్టండి. ఇంటి నుంచి ఒక్కరే మాట్లాడాలి. నలుగురూ విడివిడిగా ఫోన్ చేస్తే ఆ నర్సు ఆ సమయంలో చూడాల్సిన రోగిని చూడలేదు. రోజుకు ఏ టైములో సమాచారం ఇస్తారో మొదటి రోజే అడగండి. పెద్దవాళ్లకు, మతిమరుపు ఉన్నవాళ్లకు తోడు ఒకరిని అనుమతిస్తారేమో కూడా అడగండి, చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది.

మాస్కులు, మందులు ఎంత కొని పెట్టుకోవాలి?

రోజూ వాడే మందులు ఒక నెలకు, సబ్బు, కొన్ని మాస్కులు. అంతే. పెట్టెలకు పెట్టెలు కొంటే కొరత పడేది వార్డుల్లో.

ఏడాదిలో వ్యాక్సిన్ వచ్చిందంటే తొందరపడి తెచ్చినట్టే కదా?

కోవిడ్ విషయంలో వైరస్ జన్యు క్రమం 2020 జనవరిలో బయటపెట్టారు, మార్చి 16న మనుషుల మీద తొలి ప్రయోగం మొదలైంది, డిసెంబర్ 8న బ్రిటన్‌లో జనానికి వెయ్యడం మొదలైంది. ఒకదాని తర్వాత ఒకటి చేసే దశలను పక్కపక్కనే నడిపారు. ఫలితం తేలకముందే డబ్బు పెట్టి తయారీ మొదలుపెట్టారు. పెద్ద ప్రయోగాల్లో 30,000 మందికి పైగా పాల్గొన్నారు. అయితే లక్షలో ఒకరికి వచ్చే దుష్ప్రభావం అంతమందిలోనూ కనపడకపోవచ్చు, లక్షల మందికి వేశాకే తెలుస్తుంది. కొన్ని టీకాలతో అరుదుగా వచ్చిన రక్తపు గడ్డలు అలాగే బయటపడ్డాయి. కాబట్టి టీకా వేశాక ఏం జరుగుతోందో గమనించే వ్యవస్థ ఉందా అని అడగడం సరైన ప్రశ్నే.

## తగ్గుముఖం పట్టాక

ఇక అయిపోయింది అని ఎవరు చెప్తారు?

జబ్బును బట్టి ఉంటుంది. ఎబోలాలో చివరి రోగి కోలుకుని రెండు పరీక్షల్లో నెగెటివ్ వచ్చాక, లేదా చనిపోతే ఖననం అయ్యాక, 42 రోజులు లెక్కపెడతారు. 21 రోజుల గడువుకు అది రెట్టింపు. సార్స్ వ్యాప్తి ఆగిందని 2003 జులైలో ప్రకటించారు. కోవిడ్ అత్యవసర పరిస్థితిని 2023 మే 5న ఎత్తేశారు. అయితే అది వైరస్ పోయిందన్న ప్రకటన కాదు. దానితో మామూలు జబ్బుల పద్ధతిలోనే వ్యవహరించే దశ వచ్చిందని.

కేసులు లేవు కదా, ఆసుపత్రులు ఇంకా ఎందుకు ఖర్చు పెట్టాలి?

వాడకుండా వదిలేసిన ఆక్సిజన్ ప్లాంటు అవసరమైన రోజు స్టార్ట్ అవ్వదు. ఎన్95 మాస్కులకు కూడా గడువు తేదీ ఉంటుంది. పాతబడితే ఎలాస్టిక్ సాగిపోయి ముఖానికి అతకవు. శిక్షణ తీసుకున్న నర్సులు ఉద్యోగాలు మారతారు. కాబట్టి నిల్వలో పాతవి ముందు వాడుతూ కొత్తవి చేర్చాలి, ప్లాంటును నడిపి చూడాలి, చెప్పకుండా డ్రిల్లు పెట్టాలి. మాస్కు లేకుండా దగ్గుతూ ఒక నకిలీ రోగిని క్యాజువాలిటీకి పంపి, అతను వచ్చి ఎంతసేపటికి విడి గదికి చేరాడో గడియారం పట్టుకుని చూడాలి. మీ ఆసుపత్రి చివరిసారి ఆ డ్రిల్లు ఎప్పుడు చేసింది, ఎన్ని నిమిషాలు పట్టింది అని సమాచార విభాగంలోనో, సలహా పెట్టెలో కాగితం వేసో అడగొచ్చు.